గొంతువాపు మందు, నిమ్మకాయ షర్బతు

కిందటి నెలలో మోపిదేవి గుళ్లో మా పక్కింటివాళ్లు మనవడికి చెవులు కుట్టిస్తూ, మీరూ రావాల్సిందే అని పట్టుబట్టారు. మేం తరతరాలుగా చర్చికి వెళ్లేవాళ్లం. అయినా విస్తట్లో పులిహోరకు మతం ఉండదు గనక వెళ్లాను. భోజనాలయ్యాక వాళ్లంతా వ్యానెక్కి బందరు బయల్దేరుతుంటే, నేను మాత్రం ఇంత దూరం వచ్చాను కదా అని ఆటో మాట్లాడుకుని, నలభై ఏళ్ల కిందట నా మొదటి ఉద్యోగం వెలగబెట్టిన ఊరికి వెళ్లాను. దివిసీమలో సముద్రం వైపు చివరాఖరి ఊళ్లలో అదొకటి. పేరు చెప్పను. చెబితే ఇది చదివి అక్కడివాళ్లు నన్ను బతకనివ్వరు. ఆ ఊళ్లో నేను అద్దెకున్న ఇంటావిడ నాంచారమ్మ ఇంకా ఉంది. ఎనభై దాటాయి. మోకాళ్లు పోయాయి, చెవులు సగం పోయాయి, నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. మంచం మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూసి, చుట్టూ ఉన్న కోడళ్లూ మనవరాళ్లూ వినేటట్టు అంది: "షర్బతు తాగుతావా డాక్టరమ్మా? భయపడమాక, ఐసు మా ఫ్రిజ్జులోదే." కోడళ్లకు ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం ఈ వయసులో కూడా చెవులు వేడెక్కాయి. ఆ ఒక్క మాట వెనక ఒక వేసవి మొత్తం ఉంది.

ముందుగా ఒక అబద్ధం దిద్దాలి. నేను డాక్టరమ్మను కాను, ఎప్పుడూ కాలేదు. పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటును. మనుషుల ఆసుపత్రిలో నర్సు, కాంపౌండరు, రక్తం పరీక్ష చేసేవాడు, కట్లు కట్టేవాడు కలిసి చేసే పనులన్నీ ఒకే మనిషి నెత్తిన పడితే, ఆ మనిషిని మా దగ్గర అసిస్టెంటు అంటారు. డాక్టరు గారు వారానికి రెండు రోజులే వచ్చేవారు. రోగాలు మాత్రం ఏడు రోజులూ వచ్చేవి. డాక్టరు గారు రాసిన మందులు కలపడం, వెదురు గొట్టంతో గేదె గొంతులో పోయడం, జ్వరం చూడటం, పేడను గాజుపలక మీద రాసి మైక్రోస్కోపు కింద పురుగుల గుడ్లు వెతకడం, పుళ్లు కడగడం, విరిగిన కాలికి బద్దలు కట్టడం, అడ్డం తిరిగిన దూడను డాక్టరు గారు లాగుతుంటే పక్కన మోకాలిలోతు బురదలో తాడు పట్టుకుని నిలబడటం, వానలకు ముందు ఊరూరా తిరిగి టీకాలు వేయడం, ఇవన్నీ మావే. రోగానికి పేరు పెట్టే అధికారం మాత్రం మాకు లేదు. "ఇది ఫలానా జబ్బు" అనకూడదు, "పశువు ఇట్లా ఉంది సార్" అనాలి. ఈ తేడా నాకు చేరిన మొదటి రోజే తెలిసింది. ఊళ్లవాళ్లకు నేను రిటైరయ్యేదాకా తెలియలేదు.

మా నాన్న గుడివాడ దగ్గర పల్లెలో బడిపంతులు. మా చర్చిలో ఆడపిల్లలు రెండే రకాలు: నర్సులయ్యేవాళ్లు, టీచర్లయ్యేవాళ్లు. అమ్మ నన్ను పుట్టినప్పుడే నర్సుల వరసలో కూర్చోబెట్టింది. నాకు ఈ ట్రైనింగులో సీటొచ్చిందని తెలిసిన రోజు ఆవిడ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "నర్సేలేవే రూతూ, కాకపోతే రోగులకు నాలుగేసి కాళ్లు" అని నాన్న అమ్మకు సర్దిచెప్పాడు. ఆ తరవాత ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరైనా మీ అమ్మాయి సుగుణ ఎక్కడ చేస్తోందని అడిగితే, అమ్మ "గవర్నమెంటు ఆసుపత్రిలో" అని అక్కడితో ఆపేసేది. అబద్ధమాడిందని ఎవరూ అనలేరు.

మా ఆసుపత్రి అంటే పెంకుల కప్పు వేసిన రెండు గదులు, ముందు పశువును నిలబెట్టి కట్టే కర్రల బోను. కరెంటు ఉండేది కాని ఫ్రిజ్జు ఉండేది కాదు. పొద్దున్నే వెళ్లి పంపుస్టవ్వు వెలిగించి, గాజు సిరంజిలూ సూదులూ స్టీలు పెట్టెలో వేసి మరగబెట్టడంతో రోజు మొదలయ్యేది. ఆ గదిలో కిరసనాయిలు, ఫినాయిలు, ఇంగువ, టింక్చరు వాసనలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉండేవి. వాటి మధ్యలో మా పాత కాంపౌండరు వీరాస్వామి గారు కూర్చుని ఉండేవారు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. ఆయనకు మైక్రోస్కోపు మీద కన్నా తన ముక్కు మీద నమ్మకం ఎక్కువ. పేడ, నోటి నురగ, పుండు మీద కట్టు, సీసా మూత, ఏదైనా సరే ముందు వాసన చూసేవారు. ఇంకొక అలవాటు, పశువును తోలుకొస్తే యజమానితో మాట్లాడేవారు కాదు. గేదె ముఖంలో ముఖం పెట్టి "ఏమ్మా, ఏంటి సంగతి? నిన్న ఏం మేశావు?" అని అడిగేవారు. యజమాని జవాబు చెప్పబోతే "మిమ్మల్నడిగానా?" అని కసిరేవారు. నవ్వొచ్చేది. కాని ఆ నాలుగు నిమిషాల్లో ఆయన కళ్లు ఊపిరి లెక్కపెట్టేవి, డొక్కలు చూసేవి, నెమరు ఉందో లేదో చూసేవి. రోగిని చూడటం అంటే అదేనని నాకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు.

నాంచారమ్మది చేపల వ్యాపారం. భర్త సముద్రం మీదికి వెళ్లేవాడు, వచ్చిన చేపను అమ్మే బాధ్యత ఆవిడది. తెల్లారగట్ల అవనిగడ్డ వైపు నుంచి బస్సు టాపు మీద ఊక కప్పి గోనెలు చుట్టిన ఐసు దిమ్మలు వచ్చేవి. వాటిని వరండాలో పెద్ద చెక్కపెట్టెలో సర్ది, చేపను పేర్చి, మళ్లీ ఊక కప్పేది. ఇంటి కప్పు మీద సావిళ్లనే పొడుగు చేపలు ఎండేవి, పెరట్లో ఎండు రొయ్యలు. ఆ వాసనల్లో పుట్టి పెరిగిన మనిషి నా ఫినాయిలు వాసన మాత్రం భరించలేకపోయేది. సాయంత్రం నేను రాగానే "అక్కడే ఆగు" అని కేకేసి, కాళ్లూ చేతులూ కడిగించి, చీర మార్పించి గాని గడప తొక్కనిచ్చేది కాదు. రాత్రి అన్నాలయ్యాక నేను ప్రార్థన చేసుకుంటుంటే స్తంభానికి ఆనుకుని వినేది. ఒకసారి యేసు శిష్యుల వలలో నూట యాభైమూడు పెద్ద చేపలు పడిన సంగతి చదివాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "పట్టినోళ్లు లెక్కపెట్టరమ్మా, అమ్మేవోళ్లే లెక్కపెడతారు. ఆ రాసినాయన పెళ్లాం చేపలమ్మి ఉంటది" అని తేల్చింది. మా పాస్టరు గారికి కూడా తట్టని సంగతి అది.

ఆ ఊళ్లో మొదట్లో నా దగ్గరికి పశువులొచ్చేవి గాని మగవాళ్ల నోట మాట వచ్చేది కాదు. ముఖ్యంగా గేదె ఎదకొచ్చిందని, చూడి కట్టే సూది వేయించాలని పెళ్లికాని పిల్లతో చెప్పడానికి పాపం చాలా అవస్థపడేవారు. గుమ్మం బయట నిలబడి దూలాల కేసి చూస్తూ, "గేదె... అరుస్తోందండి" అనేవారు. "ఎందుకరుస్తోందండి?" అని నేను రిజిస్టరు తెరిచి అమాయకంగా అడిగేదాన్ని. "ఊరికేనే అండి" అని వెళ్లిపోయేవారు. ఇట్లా నాలుగు గేదెల అదను తప్పాక, నాంచారమ్మ చేపలగంప నెత్తిన పెట్టుకుని బజారు మధ్యలో నిలబడి, "గేదె ఎదకొస్తే సిగ్గుపడాల్సింది గేదె. మీకెందుకయ్యా?" అని అరిచింది. ఆ రోజు నుంచి మా ఆసుపత్రికి వచ్చే మగవాళ్లకు మాటలొచ్చాయి.

ఇక అసలు సంగతి. పశువులకు గొంతువాపు అని ఒక జబ్బుంది. తొలకరి వానలు పడి నేల నానగానే వస్తుంది. పొద్దున మేసిన గేదెకు మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయే జ్వరం, గొంతు కింద వాపు, గురక. చాలాసార్లు మర్నాటికి ఉండదు. అందుకే వేసవిలోనే టీకా వేసేయాలి. తెల్లగా పాలలా ఉండే ఆ మందు బందరు నుంచి సీసాల్లో వచ్చేది. "ఇది చల్లగా ఉన్నంతసేపే మందు. వేడెక్కితే నీళ్లతో సమానం" అని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. ఫ్రిజ్జు లేని ఆసుపత్రికి చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? నాంచారమ్మ ఐసుపెట్టె నుంచి. చేపల పక్కనుంచి గుప్పెడు ముక్కలు కొట్టి వెడల్పు మూతి ఫ్లాస్కులో వేసి, అందులో సీసాలు పెట్టేదాన్ని. పొద్దున్నే ఐసు బస్సు రాగానే మళ్లీ నింపేదాన్ని. నేను టీకా వేయడానికి వెళ్తే గేదెల కంటే ముందు పిల్లులు ఎదురొచ్చేవి.

ఊరికి ఎదురుగా, ఏటి అవతల ఒక లంక. అక్కడ అరవై పశువుల దాకా ఉండేవి. ముందు రెండేళ్లూ ఆ లంకలో ఒక్క గేదెకు కూడా టీకా పడలేదు. దానికి కారణం కోటయ్య అనే పెద్దాయన. ఉప్పెనలో ఆయన పశువులన్నీ ఒక్క పూటలో కొట్టుకుపోయాయి. ఆ తరవాత ఎవరో ఇచ్చిన దూడను ఇంట్లో పిల్లలా పెంచి గేదెను చేశాడు. ఏ సూదికో ఎవరి ఎద్దుకో మెడ మీద గడ్డ లేచిందని విని, "నీళ్లకు పోయినయ్యి పోయినయ్యి. సూదికి పోనివ్వను" అని కూర్చున్నాడు. ఆయన వద్దంటే లంక వద్దన్నట్టే. నేను మూడు వారాలు పడవెక్కి తిరిగాను. ఆయన నులక పేనుతుంటే ఎదురుగా కూర్చునేదాన్ని. గొంతువాపు గురించి చెబితే ఆయన తిరిగి ఉప్పెన గురించి చెప్పేవాడు. చివరికి ఒకరోజు, "నీ పోరు పడలేకపోతున్నా డాక్టరమ్మా. గురువారం రా, కట్టేయించి ఉంచుతా" అన్నాడు. పడవలో తిరిగొస్తూ పాట పాడానని పడవవాడు ఊరంతా చెప్పాడు.

బుధవారం మధ్యాహ్నం బస్సులో మా అమ్మ దిగింది. చెప్పాపెట్టకుండా, చేతిలో అరిసెల డబ్బాతో, కూతురి గవర్నమెంటు ఆసుపత్రి చూడటానికి. నేను తీసుకెళ్లి చూపించాను. వీరాస్వామి గారు అప్పుడే ఒక ఎద్దుతో మాట్లాడుతున్నారు. అమ్మ బోను చూసింది, గోడ మీద మరకలు చూసింది, నా చేతులు చూసింది. ఇంటికొచ్చి కూర్చుంది. రోళ్లు పగిలే ఎండ. ఆవిడ ముఖం చెమటతో, అంతకంటే ఎక్కువగా నిరాశతో వాడిపోయి ఉంది. నాకేమో, నేనిక్కడ బాగానే బతుకుతున్నానని ఏదో ఒకటి చూపించాలని ఆరాటం. పెరట్లో నిమ్మకాయలున్నాయి, పంచదార ఉంది. ఐసుపెట్టె ఖాళీ, నాంచారమ్మ ఉన్నదంతా చేప మీద కప్పి సంతకు పట్టుకుపోయింది. ఫ్లాస్కులో మాత్రం ఉంది. రెండు ముక్కలే కదా అని తీశాను. అమ్మ గ్లాసు చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఆ చల్లదనానికి ముఖం విచ్చుకుంది. "మీ ఊళ్లో ఐసు కూడా దొరుకుతుందా!" అంది. ఆ ఒక్క మాటకు పొంగిపోయి రెండో గ్లాసు, మూడో గ్లాసు చేశాను. ఫ్లాస్కు అడుగున నీళ్లే మిగిలాయి. తెల్లవారితే బస్సులో ఐసు రానే వస్తుంది, అప్పుడు నింపుదామనుకున్నాను. అమ్మ మూడో గ్లాసు కూడా తాగేసి, పెదాలు తుడుచుకుని, "అంతా బాగుంది గాని సుగుణా, ఈ ఊరి నీళ్లు కొంచెం చేపల వాసనమ్మా" అంది.

మర్నాడు బస్సొచ్చింది, ఐసు రాలేదు. ఐసు ఫ్యాక్టరీలో కరెంటు పోయిందట. ఫ్లాస్కు మూత తీసి వేలు పెట్టాను. పసిపిల్లకు స్నానం చేయించే నీళ్లలా గోరువెచ్చగా ఉన్నాయి. సీసాలు మాత్రం ఎప్పటిలాగే తెల్లగా, నాకేం తెలియదన్నట్టు ఉన్నాయి. ఏటి ఒడ్డున పడవ ఆగి ఉంది. అవతల కోటయ్య లంకలో పశువులన్నిటినీ మేతకు తోలకుండా కట్టేయించాడు. ఈరోజు కాదంటే మళ్లీ కట్టేయిస్తాడా? వీరాస్వామి గారితో చెబుదామంటే ఆయన ఇంకా ఆసుపత్రికి రాలేదు. రాలేదు అని రాశాను గాని, నిజం చెప్పాలంటే ఆయన వచ్చేదాకా నేను ఆగలేదు. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకుంటూ పడవెక్కాను. అరవై పశువులకు మెడ దగ్గర చర్మం పట్టుకుని, సూది గుచ్చి, మందు ఎక్కించి, చేత్తో రుద్ది, ఒక్కొక్కదానికీ ఒక్కో నవ్వు నవ్వాను. కోటయ్య తన గేదె మెడ కౌగిలించుకుని నిలబడ్డాడు. అయిపోయాక నాకు కొబ్బరిబొండం కొట్టించి, "నీ చెయ్యి తేలికమ్మా" అన్నాడు. ఆ బొండాన్ని పడవవాడి చేతిలో పెట్టేశాను.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అయిదో రోజు సూదులు మరగబెడుతూ వీరాస్వామి గారికి చెప్పేశాను. ఆయన మిగిలిపోయిన సీసా తీసుకుని, మూత తీసి, అలవాటు ప్రకారం వాసన చూశారు. చాలాసేపు చూశారు. "అమ్మాయ్, ఈ ఒక్కదానికే నా ముక్కు పనిచెయ్యదు. పాడైందో లేదో దేవుడికే తెలియాలి. నువ్వు చెప్పలేదనుకో, నేను వినలేదనుకుంటా" అన్నారు. నన్ను కాపాడాలని ఆయన ఉద్దేశం. నాకూ కాపాడబడాలనే ఉంది. అయినా మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చున్నాను. నాంచారమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపకు పొలుసు తీస్తోంది.

"నాలుగు రోజుల్నించి చూస్తన్నా. ఏంటి సంగతి? మీ అమ్మ ఏమన్నా అనిందా?"

"అమ్మ ఏమీ అనలేదు పిన్నీ" అని మొత్తం చెప్పాను. షర్బతు దగ్గర ఆవిడకు నవ్వొచ్చింది, ఆపుకుంది. లంక దగ్గర ఆ నవ్వు పోయింది. చేతిలో చేపను పళ్లెంలో పెట్టింది.

"ఐసు కరిగిన చేపను, తాజాదేనని చెప్పి నీకు వండిపెడితే తింటావా?"

"తెలియకపోతే తింటాను."

"తెలిసినదాన్ని నేనుండానుగా."

మళ్లీ చేప అందుకుంది. నేను అన్నం మీద చెయ్యి కడుక్కుని లేచాను.

కొత్త సీసాలు కావాలంటే కాగితం పెట్టాలి. అందులో "కారణం" అని ఒక గడి. వీరాస్వామి గారు ఆకుపచ్చ సిరా పెన్ను పట్టుకుని పావుగంట ఆలోచించి, ఆ గడిలో "వేసవి" అని రాశారు. డాక్టరు గారు అది చదివి కళ్లజోడు తీసి నాకేసి చూశారు. నేను నిజం చెప్పాను. ఆయన కేకలేయలేదు. నెమ్మదిగా ఒక మెమో రాసి, నా చేత సంతకం పెట్టించుకుని, నేను గుమ్మం దాటుతుంటే, "అమ్మగారికి ఒంట్లో కులాసాయేనా?" అని అడిగారు. కొత్త మందు కోసం వీరాస్వామి గారే బందరు వెళ్లారు. తిరుగు బస్సులో ఫ్లాస్కును పురిట్లో పిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట. పక్కసీటాయన దాహమేసి మంచినీళ్లడిగితే చొక్కా పట్టుకున్నారట.

ఈసారి పడవలో నాతో నాంచారమ్మ కూడా ఎక్కింది. లంకలో జనం పోగయ్యారు. ఎట్లా మొదలుపెట్టాలో దారంతా అనుకున్న మాటలన్నీ ఒడ్డుకు రాగానే ఎగిరిపోయాయి. "మొన్న నేను వేసిన మందు చల్లగా లేదు. పనిచేస్తుందో లేదో తెలీదు. ఐసు తీసి మా అమ్మకు షర్బతు చేసిచ్చాను" అన్నాను. వెనక నుంచి ఒక ముసలమ్మ, "షర్బతు ఎన్ని గ్లాసులు తాగింది మీ అమ్మ?" అంది. "మూడు" అన్నాను. నవ్వులే నవ్వులు. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కోటయ్య మాత్రం నవ్వలేదు.

"నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదా?" అని అడిగాడు.

"తెలిసేది కాదు బాబాయ్."

"మరెందుకు చెప్పావ్?"

"మళ్లీ వెయ్యాలి కదా" అన్నాను. ఆయన నాకేసి, ఫ్లాస్కు కేసి చూశాడు. మూత తీయమన్నాడు. లోపల చెయ్యి పెట్టి, ఐసు పట్టుకుని, చేతిని ఎండలో పైకెత్తి అందరికీ చూపించాడు. వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారుతున్నాయి. "ఇయ్యాళ ఉంది" అన్నాడు. తన గేదెనే ముందు తెచ్చాడు. సగం మంది ఆయన వెనక వచ్చారు. సగం మంది, రెండోసారి పొడవడానికి మా గేదెలేం దిండ్లు కాదని వెళ్లిపోయారు. ఆ సగాన్ని తేవడానికి నాకూ నాంచారమ్మకూ ఇంకో రెండు వారాలు పట్టింది. నాంచారమ్మ ఒక్కొక్క ఇంటి ముందూ చేపల గంప దించి, సూది వేయించుకున్న ఇళ్లకే చేప అని కూర్చునేది. అది ప్రభుత్వ నిబంధనల్లో ఎక్కడా లేదు.

మొన్న ఆ ఊరు వెళ్లినప్పుడు ఆ లంక కేసి చూశాను. ఇప్పుడక్కడ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. గేదెలు పదో పన్నెండో ఉన్నాయట. ఈ మధ్య చేరిన అసిస్టెంటు అమ్మాయి బండి మీద వచ్చి నాంచారమ్మ ఇంటి దగ్గర ఆగింది. పెడన పిల్లట. చెవులకు పసుపు పచ్చ బిళ్లలు, అంటే ఆ పిల్ల చెవులకు కాదు, గేదెల చెవులకు. ఏ నంబరు గేదెకు ఏ రోజు ఏ సూది వేశారో ఫోన్లో నొక్కితే వచ్చేస్తుంది. మందు పెట్టెలో వేడి పెరిగితే పెట్టె దానంతటదే కూస్తుందని నొక్కి చూపించింది. నాకు ఎంత ఈర్ష్య కలిగిందో చెప్పలేను. మా రోజుల్లో పెట్టెలు కూసేవి కావు, మనుషులే కూయాల్సి వచ్చేది. ఆ రోజులే బాగుండేవని మాత్రం నేను అనను. ఆ రోజుల్లో చాలా పశువులు చచ్చిపోయేవి. ఒక్కటి మాత్రం అడిగాను, "అమ్మాయ్, పశువుతో మాట్లాడతావా?" అని. "టైమెక్కడుందండీ, రోజుకు మూడూళ్లు" అంది. నిజమే. ఊరికి ఇద్దరం ఉండేవాళ్లం మేము. ఆ పిల్లకు ముగ్గురు మనుషుల పనీ, మూడు ఊళ్ల రోడ్డూ ఉన్నాయి. ఆమె చేతి మీద గేదె కొమ్ము గీరిన మచ్చ ఒకటి కనిపించింది. అదొక్కటీ అచ్చం మా నాటిదే.

నా షర్బతు సంగతి జరిగిన ఆ ఏడు వానలు ముందుగానే వచ్చాయి. చుట్టుపక్కల ఊళ్లలో గొంతువాపు సోకింది. రోజూ ఏదో ఒక ఊరి నుంచి కబురు. లంక మాత్రం నిలబడింది. ఒక వారం, రెండు వారాలు, మూడు. నేను రోజూ ప్రార్థనలో లంక పేరు చెప్పుకునేదాన్ని. నాలుగో వారం ఒక ఉదయం కోటయ్య పడవ దిగి, తడిసిన పంచెతో ఆసుపత్రి ముందుకొచ్చి నిలబడ్డాడు. వీరాస్వామి గారు ఆయన ముఖం చూసి మందుల పెట్టె అందుకున్నారు. ఆ రోజు డాక్టరు గారు వేరే ఊళ్లో ఉన్నారు. ఆయనకు మనిషిని పంపి, మేమిద్దరం వెళ్లాం. కోటయ్య గేదె మెడ చాచి, నాలుక బయటపెట్టి గురక పెడుతోంది. థర్మామీటరులో పాదరసం పైదాకా పోయింది. డాక్టరు గారు ఆ మనిషితో కబురు చేసిన ప్రకారం సూదులు వేశాం, ఒళ్లంతా తడిగుడ్డలు కప్పాం. వీరాస్వామి గారు దాని చెవి దగ్గర కూర్చుని ఏదో చెబుతూనే ఉన్నారు. మధ్యాహ్నం దాటాక దాని కళ్లు ఆగిపోయాయి. అంత పెద్ద లంకలో ఆ ఏడు పోయిన పశువు అదొక్కటే.

ఎందుకు పోయిందో నేటికీ నాకు తెలియదు. మందు అన్ని పశువుల్లోనూ ఒకేలా పట్టదని సాయంత్రం వచ్చిన డాక్టరు గారు చెప్పారు. ఈ జబ్బుతో పోయినదాన్ని ఏట్లో వదలకూడదు, తోలు ఒలవకూడదు. లోతుగా పూడ్చి సున్నం చల్లాలి. అది దగ్గరుండి చేయించడం కూడా అసిస్టెంటు పనే. లంకలో మగవాళ్లంతా తలా కాసేపు తవ్వారు. కోటయ్య పార ఎవరికీ ఇవ్వకుండా చివరిదాకా తవ్వాడు. నేను సున్నం బస్తా విప్పి గుంట నిండా చల్లాను. మట్టి పూడ్చడం అయ్యాక మిగతావాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆయన గట్టు మీద కూర్చున్నాడు. ఏమంటాడోనని నేను పక్కనే నిలబడి ఉన్నాను. తిట్టినా బాగుండేదనిపించింది.

"రెండోసారి నువ్వు రాకపోయుంటే, ఇయ్యాళ నిన్ను తిట్టుకుంటా కూర్చునేవోణ్ణి అమ్మాయ్" అన్నాడు, మట్టి కేసి చూస్తూనే. "చచ్చేదాకా తిట్టుకునేవోణ్ణి. ఉప్పెనప్పుడు సముద్రాన్ని తిట్టుకున్నా. ఇప్పుడు తిట్టుకోటానిక్కూడా ఎవురూ లేకుండా చేశావు గదా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను ఏడవనిచ్చాడు. కాసేపయ్యాక మోకాళ్ల మీద చేతులు ఊని లేచి, నా సున్నం చేతుల కేసి చూసి, "కళ్లు తుడుచుకోమాక, మండుతయ్యి. రా, నీళ్లు పోస్తా" అని బావి వైపు ముందు నడిచాడు.